ఎవరొచ్చినా సీటిచ్చే కాలేజీ: ఒంగోలు నుంచి అట్లాంటా దాకా ఒక తలుపు కథ

ఇవాళ ధర్మపురిలో గోదావరి ఒడ్డున కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో గుడి గంట వినిపిస్తే ఏమనుకోకండి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎక్కడికి పోయినా డిగ్రీ పిల్లల దగ్గర ఒక మాట వింటుంటా. "మా కాలేజీలో ఏముందన్నా, దోస్త్‌లో అప్లై చేస్తే ఎవరికైనా సీటొస్తది." ఆ మాట చెప్పేటప్పుడు తల కొంచెం కిందికి దించుతారు. ఎంట్రెన్స్ రాసి, ర్యాంకు కొట్టి తెచ్చుకున్న సీటే సీటు, ఊరికే వచ్చింది సీటు కాదు అని మనందరి మనసులో పడిపోయింది.

నేనేమంటానంటే, చరిత్రలో అన్నిటికంటే కష్టంగా తెరుచుకున్నది ఆ "ఊరికే వచ్చే సీటు" తలుపే. ఎట్లనో చెప్తా.

ముందు నేను కూర్చున్న ఊరి సంగతి. ధర్మపురికి వచ్చినోళ్లకు యమపురి ఉండదని మన పెద్దలంటారు. లక్ష్మీనరసింహస్వామి గుడిలోనే యమధర్మరాజు గుడి కూడా ఉంది. తరతరాలుగా వేదం చెప్పుకున్న ఊరు ఇది. చదువుకు ఇంత పేరున్న ఊళ్లో ఆ చదువు ఎవరి పిల్లలకు దొరికింది? వాడ చివర చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడికి దొరకలేదు. ఇది ఒక్క ధర్మపురి తప్పు కాదు, అప్పటి దేశమంతా అంతే. గుడి, బడి, బావి, మూడింటి దగ్గరా ఒకటే గీత.

ఆ గీత మొట్టమొదట గట్టిగా చెరిగిన చోట్లలో ఒకటి మన తెలుగు నేల మీదే ఉంది. ఒంగోలు.

1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలుకు వచ్చాడు. ఊళ్లో పెద్ద కులాల వాళ్లు ఆయన్ని మర్యాదగానే చూశారు. మా పిల్లలకు బడి పెట్టండి అన్నారు. పెట్టాడు. అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన ఆయన దగ్గరికి వచ్చాడు. పేరయ్య తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగం, గురువులు అంటూ సొంతంగా దేవుణ్ణి వెతుక్కున్న మనిషి. ఆయన వెంట ఆయన మనుషులు వచ్చారు, వాళ్ల పిల్లలు బడికి వచ్చారు.

అప్పుడు పెద్ద కులాల వాళ్లు వచ్చి తేల్చి చెప్పారు: వాళ్లను పంపించెయ్, లేకపోతే మా పిల్లలు రారు.

క్లౌ ప్లేస్‌లో మీరుంటే ఏం చేస్తారు? బడి నిలబడాలంటే పలుకుబడి ఉన్నవాళ్లు కావాలి. ఆ రాత్రి ఏం జరిగిందో ఆయన తర్వాత రాసుకున్నాడు. భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట: లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడు అనే భాగం. నమ్మకం సంగతి పక్కన పెట్టండి, నిర్ణయం చూడండి. మాదిగ పిల్లలు ఉంటారు అన్నాడు. పెద్ద కులాల పిల్లలు లేచి వెళ్లిపోయారు. ఓపెన్ అడ్మిషన్ అంటే ఇదీ. తలుపు తెరిచి పెట్టినందుకు బడి సగం ఖాళీ అయింది!

తర్వాత 1870లలో ఒంగోలుకు దక్షిణాన సముద్రం ఒడ్డున రామాయపట్నంలో సెమినరీ పెట్టారు. సెమినరీ అంటే పాస్టర్లను తయారు చేసే కాలేజీ. ఇప్పుడు పోర్టు కడుతున్నారని న్యూస్‌లో వింటున్నాం కదా, ఆ రామాయపట్నమే. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు వాళ్ల ఇంట్లో ఎవరూ పలక పట్టలేదు. పాఠం తెలుగులో. చాలామంది పెళ్లైనవాళ్లు, భార్యను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. భర్తతో పాటు భార్యకూ చదువు చెప్పేవారు. ఊళ్లో అడుగు పెట్టనీయని ఇంటి కోడలు, చేతిలో పుస్తకంతో కూర్చుంది. ఊహించుకోండి ఒకసారి.

1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి దొరికేలా చేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు లేకపోతే ఇంతమంది వచ్చేవారా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ వాళ్లు వెతుక్కున్నది అన్నం ఒక్కటే కాదు, మనిషిగా ఒక గుర్తింపు కూడా.

ఇప్పుడు అమెరికా పోదాం. ఎందుకంటే కథలో రెండో సగం అక్కడుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసలకు చదవడం, రాయడం నేర్పితే నేరం. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయింది. ఒక్కసారిగా లక్షలమంది స్వేచ్ఛ పొందారు, అక్షరం మాత్రం రాదు. అప్పుడు చర్చిలే కాలేజీలయ్యాయి. ఒంగోలుకు క్లౌను పంపింది ఉత్తర అమెరికా బాప్టిస్టులే కదా, అదే బాప్టిస్టుల ఇంకో సంస్థ నల్లజాతి వాళ్ల కోసం అక్కడ కాలేజీలకు డబ్బు పెట్టింది. 1867లో, అంటే ఒంగోలు బడిలో గొడవ జరిగిన రోజుల్లోనే, జార్జియా రాష్ట్రం ఆగస్టాలో ఒక చర్చి నేలమాళిగలో చిన్న బడి మొదలైంది. అదే తర్వాత అట్లాంటాకు మారి మోర్‌హౌస్ కాలేజీ అయింది. 1881లో అట్లాంటాలో ఇంకో చర్చి నేలమాళిగలో 11 మంది స్త్రీలతో మొదలైంది స్పెల్‌మన్ కాలేజీ. ఆ స్త్రీలలో చాలామంది ఒకప్పటి బానిసలు. బైబిల్ సొంతంగా చదువుకుంటే చాలు అని వచ్చినవాళ్లు.

1884లో ఆర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో నల్లజాతి బాప్టిస్టులు తమంతట తామే ఒక కాలేజీ పెట్టుకున్నారు. మొదట పాస్టర్ల శిక్షణకు, తర్వాత అదే ఆర్కాన్సా బాప్టిస్టు కాలేజీ. ఇట్లాంటివి అమెరికాలో ఇప్పటికీ వంద దాకా ఉన్నాయి. వాటిలో చిన్నవి, ఏదో ఒక చర్చికి చెందినవి కూడా ఉన్నాయి. కొన్ని ఇప్పటికీ మార్కులు చూసి తలుపు మూసేవి కావు.

1944లో అట్లాంటాలో ఒక 15 ఏళ్ల పిల్లవాడు మోర్‌హౌస్‌లో చేరాడు. రెండో ప్రపంచయుద్ధం వల్ల విద్యార్థులు తగ్గిపోయి, హైస్కూల్ పూర్తి కానివాళ్లను కూడా తీసుకున్నారు. చేరాక ఆ పిల్లవాడికి తెలిసింది, తన చదివే స్థాయి ఎనిమిదో తరగతి దగ్గరే ఉందని. వెనకబడిన బడుల్లో చదివితే అంతే కదా. ఆ పిల్లవాడి పేరు మార్టిన్ లూథర్ కింగ్. కటాఫ్ పెట్టి ఆపేసి ఉంటే?

అదే కింగ్ 1959లో మన దేశం వచ్చారు. కేరళలో ఒక స్కూల్‌కి పోతే, అక్కడ చదివేది అంటరానివాళ్లుగా చూసిన కుటుంబాల పిల్లలే. ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరాని మనిషి అని పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమంది, తర్వాత ఆలోచిస్తే అవును, నేనూ అదే అనిపించింది అని 1965లో ఒక ప్రసంగంలో చెప్పారు. ఒంగోలుకూ అట్లాంటాకూ ఉన్న చుట్టరికం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక మన నిజాం వైపు. ఇక్కడ మిషన్ బడులు ఒక్కటే కాదు, మనవాళ్లే తెరిచిన తలుపులున్నాయి. హైదరాబాద్‌లో 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి దళిత పిల్లలకు బడులు పెట్టడం మొదలుపెట్టారు. అవి పెరిగి ఇరవై దాటాయి. 1917లో ఆయన అధ్యక్షతన బెజవాడలో సభ జరిగితే కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. మమ్మల్ని పంచములు అనొద్దు, ఆది ఆంధ్రులం అని ఆ సభ పేరు మార్చుకుంది. ఒక పక్క గుడి తలుపు మూతపడుతుంటే ఇంకో పక్క బడి తలుపు తీస్తున్నారు. ఆ తర్వాత 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో గురుకులం మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు, ఇప్పటి మహిళా డిగ్రీ గురుకులాలు, అన్నీ ఆ దారిలోవే.

అయితే అంతా తియ్యగా ఉందని చెప్పను. రామాయపట్నంలో చదువు దొరికింది, కానీ అది పాస్టర్ అయ్యే చదువు. ఇంజనీరో లాయరో అయ్యే దారి కాదు. పగ్గాలు చాలాకాలం తెల్లవాళ్ల చేతుల్లోనే. ఇంకో దెబ్బ 1950లో పడింది. రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు ఎస్సీ జాబితా బయట ఉండిపోయారు. మన దగ్గర వాళ్లు బీసీ-సి. కాలేజీ తలుపు తెరిచిన మతమే ఇంకో తలుపు దగ్గర అడ్డమైంది. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

అమెరికాలోనూ అంతే. డల్లాస్‌లో 1872 నాటి పాల్ క్విన్ అనే చర్చి కాలేజీ ఉంది. పిల్లలు మధ్యలో ఆగిపోవడం, అప్పులు, చివరికి 2009లో గుర్తింపు రద్దు దాకా పోయింది. 2010లో వాళ్లు ఫుట్‌బాల్ గ్రౌండ్ దున్ని కూరగాయల పొలం చేశారు! పిల్లలతోనే పని చేయించి, కాలేజీని నిలబెట్టుకున్నారు. అంటే తలుపు తెరిస్తే సరిపోదు. లోపలికి వచ్చిన పిల్లవాడు డిగ్రీ చేతబట్టుకుని బయటికి పోయేదాకా పట్టుకోవాలి. చేర్చుకోవడం సగం పనే.

కాబట్టి "మా కాలేజీలో ఎవరికైనా సీటొస్తది" అని తల దించుకునే తమ్ముడికీ చెల్లెకూ ఒక్క మాట. ఆ "ఎవరికైనా" అనే మాట కోసం ఒంగోలులో ఒక బడి సగం ఖాళీ అయింది, అట్లాంటాలో నేలమాళిగలో అక్షరాలు దిద్దారు. సిగ్గుపడాల్సింది సీటు సులువుగా వచ్చినందుకు కాదు. అడగాల్సింది వేరే ఉంది: క్లాసు జరుగుతోందా, సార్లున్నారా, లైబ్రరీ తాళం తీస్తున్నారా? అది గట్టిగా అడగండి.

చివరగా, వేదపాఠాల ఊరిగా పేరున్న ఈ ధర్మపురి 2009 నుంచి ఎస్సీ రిజర్వుడ్ అసెంబ్లీ నియోజకవర్గం. వాడ చివరి ఇంటి పిల్లవాడు ఇవాళ ఇక్కడ ఎమ్మెల్యే కావచ్చు. గోదావరి అదే, గుడి అదే. మారింది ఎవరు లోపలికి రావచ్చన్నదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.