కొన్న యంత్రం ఎవరిది?

ఇంట్లో సినిమా చూసే యంత్రాన్ని సొంతంగా కూర్చుకోవడం పొద్దుపోనివాళ్ల సరదా అని మన మిత్రులు కొందరు అంటూంటారు. నేను ఒప్పుకోలేను. ఆ సరదా వెనక ఆస్తి సమస్య ఒకటి ఉన్నది.

1999లో అమెరికాలో టీవో అనే పెట్టె అమ్మకానికి వచ్చింది. టీవీ కార్యక్రమాన్ని దాచిపెట్టి, తీరిక దొరికినప్పుడు చూపిస్తుంది. దాని లోపల నడిచేది లినక్స్: ఎందరో కలిసి రాసి, ఎవరైనా మార్చుకోవచ్చునని లోకానికి వదిలిన ప్రోగ్రాము. కాని కొన్నవాడు దాన్ని మార్చితే, తరవాతి నమూనాలలో పెట్టె అసలు నడవదు. కంపెనీ సంతకం కావాలి. ఉమ్మడి శ్రమకు సొంత తాళం వేయడమంటే ఇదే. 2007 నాటి జిపిఎల్ మూడవ లైసెన్సు ఈ తాళాన్ని నిషేధించడానికి ప్రయత్నించింది.

లైసెన్సు కంటే ముందే చేతులు పనిచేశాయి. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే ప్రోగ్రామరు, మామూలు కంప్యూటరుకు ట్యూనరు కార్డు తగిలించి అటువంటి పెట్టెనే చేసుకునేందుకు మిత్‌టీవీ మొదలుపెట్టాడు. అదే ఏడు మరికొందరు మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ ఆటపెట్టె తాళం తీసి, అందులోని 64 మెగాబైట్ల మెమరీతోనే సినిమాలు ఆడించారు. (ఆటబొమ్మ అని చిన్నచూపు చూసేవారు గమనించాలి.) ఆ ప్రయత్నమే ఎక్స్‌బిఎంసి అయి, 2014లో కోడి అని పేరు మార్చుకున్నది. ఈలోగా 2012లో 35 డాలర్ల రాస్‌బెర్రీ పై వచ్చింది. అరచేతిలో ఇమిడే పలకను టీవీకి కలిపి కోడి నడుపుకోవచ్చు.

ఇంతటితో గెలుపు ప్రజలదే అనుకోవడం తొందరపాటు. 2008లో ఎక్స్‌బిఎంసి నుంచి చీలిన ప్లెక్స్ క్రమేణా కంపెనీ సొత్తయింది. మన ఇంట్లో, మన డిస్కులో ఉన్న సినిమాను బయటినుంచి చూడడానికి 2025లో అది రుసుము పెట్టింది.