కిటికీ అద్దం దానంతటదే పగులుతుందా?

చేయి తగలకుండా, రాయి పడకుండా ఇంటి కిటికీ అద్దం ఉన్నట్టుండి పగిలిపోవడం అరుదైన విషయమే గాని, అసాధ్యమైనది కాదు. అటువంటప్పుడు మొదటి అనుమానం ఇంటి పనిమనిషి మీదికో, కింద ఆడుకుంటున్న పిల్లల మీదికో పోతుంది. ఎవరూ దొరకనప్పుడు అపశకునమన్న మాట వినిపిస్తుంది. నిజానికి గాజు కారణం లేకుండా పగలదు. ఆ కారణం చాలాసార్లు పగిలిన క్షణానికి ఎన్నో నెలల ముందే, ఒక్కోసారి గాజు తయారైన రోజునే అందులో చేరి ఉంటుంది. పగిలిన తీరును గమనిస్తే ఆ కారణాన్ని చాలావరకు గుర్తించవచ్చు.

ఈ విషయం తెలిసి ఉండవలసిన అవసరం ద్వారక వంటి నివాస ప్రాంతాలలో మరింత ఎక్కువ. ఒకప్పుడు పాపన్‌కలాన్‌గా పిలిచిన ఈ నైరుతి ఢిల్లీ ఉపనగరాన్ని ఢిల్లీ అభివృద్ధి సంస్థ సెక్టార్లుగా విభజించి తీర్చిదిద్దింది. సహకార గృహ నిర్మాణ సంఘాల బహుళ అంతస్తుల భవనాలు ఇక్కడ వరుసగా కనిపిస్తాయి. ఉద్యోగరీత్యా రాజధానికి చేరిన తెలుగు కుటుంబాలు కూడా వాటిలో నివసిస్తున్నాయి. బాల్కనీలకు అల్యూమినియం చట్రాలు, గాజు పలకలు బిగించి గదులుగా మార్చుకోవడం ఇటువంటి ఇళ్లలో పరిపాటి. ఏడో అంతస్తు నుంచి జారిన గాజు పెంకు కింద నడిచేవారికి ప్రాణాపాయం కలిగించగలదు.

ఇక్కడి వాతావరణం కూడా గాజుకు పరీక్షే. ద్వారకకు సమీపంలోని పాలం వాతావరణ కేంద్రంలో 1998 మే 26న 48.4 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. శీతాకాలపు తెల్లవారుజామున ఇదే ప్రాంతంలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి.

గాజు బలం, బలహీనత

ఇసుక, సోడా, సున్నపురాయి ప్రధాన పదార్థాలుగా కరిగించి కిటికీ గాజును తయారుచేస్తారు. నొక్కే బలాన్ని గాజు బాగా తట్టుకుంటుంది. లాగే బలానికి మాత్రం తేలికగా లొంగిపోతుంది. ఇనుము వంటి లోహం మోయలేని బరువు పడితే ముందు వంగుతుంది, సాగుతుంది. గాజుకు ఆ గుణం లేదు. ఓర్చుకోగలిగినంత వరకు చెక్కుచెదరకుండా నిలిచి, హద్దు దాటగానే ఒక్కసారిగా విరుగుతుంది. చూసేవారికి అది హఠాత్తుగా జరిగినట్లు అనిపించడానికి ఇదే మూలం.

గాజు సిద్ధాంతరీత్యా ఉండవలసిన బలంలో స్వల్ప భాగాన్నే వాడుకలో ఎందుకు చూపుతుందో బ్రిటన్‌కు చెందిన ఇంజినీరు ఏ.ఏ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పత్రంలో వివరించారు. గాజు ఉపరితలం మీద కంటికి కనిపించని సన్నని గాట్లు ఉంటాయి. పలకపై పడిన బలమంతా ఆ గాటు మొన దగ్గర కేంద్రీకృతమవుతుంది. గాటు ఎంత లోతుగా ఉంటే, పగలడానికి అంత తక్కువ బలం సరిపోతుంది. గాజును కోసేటప్పుడు అంచున లేచిన చిన్న పెచ్చు, చట్రంలో దించేటప్పుడు తగిలిన దెబ్బ, రుద్ది తుడిచేటప్పుడు ఇసుక రేణువు గీసిన గీత, ఇవన్నీ ఇటువంటి గాట్లే.

వీటికి తేమ తోడవుతుంది. లాగే బలం కింద ఉన్న గాటు మొనలోకి చేరిన నీటి అణువులు గాజులోని సిలికా బంధాలను మెల్లమెల్లగా తెంపుతాయి. గాటు ఏళ్ల తరబడి అణువణువుగా పొడుగవుతుంది. హద్దు దాటిన తరువాత మాత్రం పగులు సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. నిన్నటిదాకా నిలిచిన అద్దం ఈ రోజు పగలడంలో వింత లేకపోవడానికి కారణం ఇదే.

వేడి కాదు, వేడిలోని తేడా

సాధారణ కిటికీ గాజు పగలడానికి తరచుగా కనిపించే కారణాలలో ఉష్ణోగ్రతల తేడా ఒకటి. ఎండ పడినప్పుడు పలక నడిమి భాగం వేడెక్కి వ్యాకోచిస్తుంది. చట్రంలో దాగిన అంచులు చల్లగానే ఉండిపోతాయి. ఒక మీటరు పొడవున్న గాజు 40 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. అయినా సాగలేని గాజుకు ఆ కొద్దిపాటి పెరుగుదలే భారమవుతుంది. నడిమి భాగం పెరగబోతుంటే అంచులు లాగబడతాయి. గాట్లు ఎక్కువగా ఉండేదీ ఆ అంచుల్లోనే.

అంచులు శుభ్రంగా కోసి ఉన్న సాధారణ గాజు నడిమికీ అంచుకూ మధ్య సుమారు 40 డిగ్రీల వరకు తేడాను ఓర్చుకోగలదు. పెచ్చులు లేచిన అంచు అంతకంటే చాలా తక్కువ తేడాకే పగలవచ్చు. ఈ తేడాను పెంచే పనులు కొన్ని ఇంట్లోనే జరుగుతుంటాయి. ఎండను ఆపడానికి అతికించే ముదురు రంగు ఫిల్మ్ వేడిని పీల్చి గాజులోనే నిలుపుతుంది. అద్దానికి ఆనించి వేసిన దళసరి తెర, లోపలి వైపు అతికించిన కాగితం, కిటికీని ఆనుకొని పెట్టిన బీరువా కూడా వేడిని బయటికి పోనివ్వవు. ఏసీ చల్లగాలి నేరుగా పలక మీదికి వీస్తే ఒక భాగం చల్లబడి, తక్కిన భాగం కాగుతూనే ఉంటుంది. పై అంతస్తు బాల్కనీ నీడ సగం పలకపై, ఎండ సగం పలకపై పడినా ఫలితం అదే. ఎండకు కాగిన అద్దం మీద మధ్యాహ్నం వేళ బకెట్‌తో నీళ్లు చల్లడం ఇంకా ప్రమాదకరం.

ఈ ముప్పు వేసవికే పరిమితం కాదు. ఢిల్లీ శీతాకాలపు ఉదయాన లోహపు చట్రం రాత్రి చలిని పట్టి ఉంచుతుంది. తూర్పు కిటికీపై ఎండ పడగానే పలక నడిమి భాగం వెచ్చబడుతుంది, అంచు మంచులాగే ఉంటుంది. గదిలోని హీటరును అద్దానికి దగ్గరగా పెడితే తేడా మరింత పెరుగుతుంది. గాజుకు శత్రువు వేడీ కాదు, చలీ కాదు. ఒకే పలకలో రెండూ పక్కపక్కన ఉండడమే దానికి ముప్పు.

చట్రం చేసే ఒత్తిడి

రెండో కారణం బిగింపు. అల్యూమినియం గాజు కంటే రెండు రెట్లకు మించి వ్యాకోచిస్తుంది. అందుకే పలక చుట్టూ కొంత ఖాళీ విడిచి, కింద రబ్బరు దిమ్మెలు, పక్కల రబ్బరు పట్టీలు అమర్చాలి. ఖాళీ లేకుండా దించిన పలక ఎండకాలంలో చట్రంతో పోరాడవలసి వస్తుంది. మర మొన గాజు అంచుకు తగులుతున్నా, పలక నేరుగా లోహం మీద కూర్చున్నా, ఆ బిందువు వద్ద ఒత్తిడి పోగవుతుంది.

పాత ఇళ్లలోని ఇనుప కిటికీలలో తుప్పు ఇదే పని చేస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది కనుక, ఉబ్బుతూ గాజును ఒరుసుకుంటుంది. భవనం కాస్త కుంగినా, తలుపులు తరచూ దఢాలున మూసినా చట్రం మూలలు వంకర పోతాయి. భూకంపాలు కూడా ఈ కోవలోనివే. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున ధౌలాకువా వద్ద కేంద్రంగా 4.0 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఢిల్లీ అంతటా ప్రజలు ఉలిక్కిపడి లేచారు. అటువంటి కుదుపు తరువాత కిటికీ అంచులను ఒకసారి పరిశీలించుకోవడం మంచిది.

టఫెన్డ్ గాజులోని రహస్యం

వేల చిన్న ముక్కలై రాలిపోయే అద్దం కథ వేరు. దాన్ని టఫెన్డ్ గాజు అంటారు. సాధారణ గాజును 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, రెండు వైపులా చల్లటి గాలిని వేగంగా కొట్టి దీన్ని తయారుచేస్తారు. పై పొరలు ముందు గట్టిపడతాయి. లోపలి భాగం తరువాత చల్లబడుతూ వాటిని లోపలికి లాక్కుంటుంది. ఫలితంగా ఉపరితలం నొక్కుడులో, లోభాగం లాగుడులో శాశ్వతంగా ఉండిపోతాయి. అందువల్ల ఇది సాధారణ గాజు కంటే నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. ఎండ వల్ల కలిగే ఉష్ణోగ్రతల తేడాను సులభంగా తట్టుకుంటుంది. పగిలినా పొడవైన కత్తుల్లాంటి పెంకులు కాక మొద్దు ముక్కలు రాలుతాయి. అయితే లోపలి లాగుడును పగులు ఒక్క చోట తాకినా చాలు, పలక మొత్తం క్షణంలో చెదిరిపోతుంది.

ఆ పగులు బయటి నుంచే రానక్కర లేదు. గాజు కరిగించే దశలో నికెల్, గంధకం కలిసి నికెల్ సల్ఫైడ్ అనే అతి సూక్ష్మ రేణువు లోపల చిక్కుకోవచ్చు. దాని పరిమాణం సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. దాదాపు 379 డిగ్రీలకు పైన ఈ రేణువు ఒక స్ఫటిక రూపంలో, అంతకు దిగువన మరో రూపంలో ఉంటుంది. రూపం మారేటప్పుడు దాని ఘనపరిమాణం 2 నుంచి 4 శాతం వరకు పెరుగుతుంది. నిదానంగా చల్లార్చిన సాధారణ గాజులో ఈ మార్పు తయారీలోనే ముగిసిపోతుంది. టఫెన్డ్ గాజును వేగంగా చల్లార్చడం వల్ల రేణువు పాత రూపంలోనే బందీ అవుతుంది. తరువాత నెలలకో, ఏళ్లకో అది నెమ్మదిగా మారుతూ, ఉబ్బుతూ గాజును లోపలి నుంచే చీలుస్తుంది.

ఈ కారణం ఆస్ట్రేలియాలో బయటపడింది. మెల్‌బోర్న్‌లో 1958లో పూర్తయిన ఐసీఐ హౌస్ భవనం గోడల టఫెన్డ్ పలకలు ఏ దెబ్బా లేకుండా పగలసాగాయి. ఆ దేశ శాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన బాలంటైన్ ముక్కలను పరిశీలించి, నికెల్ సల్ఫైడ్ రేణువులే మూలమని 1961లో నివేదించారు. అనంతర కాలంలో హీట్ సోక్ అనే పరీక్ష వాడుకలోకి వచ్చింది. తయారైన పలకలను కొలిమిలో 260 నుంచి 290 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచితే, లోపమున్నవి అక్కడే పగిలిపోతాయి. ఇది ముప్పును బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు.

విమానాల శబ్దం కారణమా?

ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పక్కనే ఉండటం వల్ల ద్వారకలో విమానాల శబ్దాన్ని అనుమానించడం సహజం. లెక్క వేస్తే ఆ అనుమానం నిలవదు. 100 డెసిబెల్స్ శబ్దం కలిగించే పీడనం 2 పాస్కల్స్ మాత్రమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే ధూళి తుపాను కిటికీ మీద సుమారు 460 పాస్కల్స్ పీడనం చూపుతుంది. శబ్దం వదులుగా ఉన్న పలకను గలగలలాడించగలదు గాని, పగలగొట్టలేదు. ధ్వని వేగాన్ని మించి పోయే యుద్ధ విమానాలు పుట్టించే పీడన తరంగం మాత్రం దీనికి మినహాయింపు.

గాలి పీడనం పెరిగితే ఏమవుతుందో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో చూపింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి కలిగించే పీడనం సుమారు 1,500 పాస్కల్స్. ఆ రోజు నగరంలో అనేక భవనాల అద్దాలు పగిలాయి. అక్కడ కారణం అందరి కళ్లెదుట ఉంది. నిశ్శబ్దంగా పగిలిన అద్దం విషయంలో కారణాన్ని ముక్కల్లో వెదకవలసి ఉంటుంది.

ముక్కలు చెప్పే సాక్ష్యం

రాయి తగిలితే తగిలిన చోటి నుంచి పగుళ్లు నక్షత్రపు కిరణాల్లా అన్ని వైపులకూ పాకుతాయి. ఉష్ణోగ్రతల తేడా వల్ల వచ్చిన పగులు అంచు వద్ద మొదలై, మొదటి కొన్ని సెంటీమీటర్లు అంచుకు లంబంగా నడిచి, ఆపైన వంకర తిరుగుతుంది. చట్రం ఒత్తిడి వల్ల వచ్చినది సాధారణంగా మర ఉన్నచోటనో, మూలలోనో పుడుతుంది. టఫెన్డ్ పలక పగిలినా ఇంకా చట్రంలోనే నిలిచి ఉంటే, పగుళ్లు బయలుదేరిన కేంద్రాన్ని గమనించాలి. అక్కడ సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు ఆనుకొని ఉండి, వాటి నడుమ చుక్కంత రేణువు కనిపిస్తే నికెల్ సల్ఫైడ్‌ను అనుమానించవచ్చు. ప్రయోగశాల పరీక్షతోనే అది ఖాయమవుతుంది.

అందువల్ల ముక్కలను ఊడ్చివేయడానికి ముందే ఫొటోలు తీసి, తేదీ, సమయం, ఎండ పడుతున్న దిశ, ఏసీ నడుస్తున్నదీ లేనిదీ రాసి ఉంచుకోవాలి. బిగించినవారితో గాని, బీమా సంస్థతో గాని మాట్లాడేటప్పుడు ఈ వివరాలే ఆధారమవుతాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

పగులు చిన్నదైనా అది పెరుగుతుందనే భావించాలి. పలకకు లోపలి వైపు వెడల్పాటి టేపు అతికించి, పిల్లలను దూరంగా ఉంచి, కింద మనుషులు తిరగకుండా సొసైటీ కార్యాలయానికి వెంటనే తెలపాలి. వేలాడుతున్న ముక్కలను ఒట్టి చేతులతో లాగకూడదు. టేపు ముక్కలను కొంతసేపు పట్టి ఉంచగలదే తప్ప గాజుకు బలమివ్వదు.

కొత్త అద్దం వేయించేటప్పుడు అంచులను నున్నగా చేయించాలి. టఫెన్డ్ గాజును తయారైన తరువాత కోయడం, రంధ్రం చేయడం వీలుకాదు కనుక కొలతలు ముందే సరిచూసుకోవాలి. టఫెన్డ్, లామినేటెడ్ గాజులకు వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 2553. పలక మూలన ఆ గుర్తు ఉన్నదేమో చూసుకోవాలి. భవనాలలో గాజు వాడకానికి ఐఎస్ 16231 అనే ప్రత్యేక నియమావళి ఉంది. పై అంతస్తులకు, తల మీది కప్పులకు లామినేటెడ్ గాజు మేలైనది. రెండు పలకల మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉండటం వల్ల, పగిలినా ముక్కలు ఆ పొరను అంటిపెట్టుకునే ఉంటాయి. ఫిల్మ్ అతికించదలచినవారు తమ గాజు రకానికి అది తగినదో కాదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. తెరకూ అద్దానికీ మధ్య గాలి ఆడేంత దూరం ఉంచడం, అద్దాలను ఉదయం చల్లటి వేళనే కడగడం ఖర్చు లేని జాగ్రత్తలు.