పార్టీ లేని రాజకీయం: తెలుగు పట్టణాల్లో చాంబర్ ఆఫ్ కామర్స్

సంస్థకు రాజకీయాలతో ప్రమేయం లేదన్న నిబంధన చాలా పట్టణాల చాంబర్ నియమావళుల్లో కనబడుతుంది. అదే భవనంలో గోడకు వరసగా వేలాడే మాజీ అధ్యక్షుల పటాల్లో మాత్రం పురపాలక సంఘం కౌన్సిలర్లూ ఛైర్మన్లూ తరచుగా తగులుతూ ఉంటారు. నియమావళిని రాసినవారు అబద్ధమాడారని దీనికి అర్థం కాదు. చాంబర్ అంటే ఒక ఊరి వర్తకులు తమ ఉమ్మడి ప్రయోజనాల కోసం సొసైటీగానో, లాభం పంచుకోని కంపెనీగానో రిజిస్టరు చేయించుకున్న సంఘం; దానికి పార్టీ లేకపోవచ్చు గాని, పన్ను, లైసెన్సు, కాటా, సెలవు దినం అనే నాలుగింటి చుట్టూ తిరిగే దాని పని మొదటినుంచీ రాజకీయమే.

పేరు పరాయిదైనా ఇటువంటి కట్టుబాటు తెలుగు నేలకు కొత్త కాదు. మధ్యయుగపు శాసనాల్లో కనిపించే ‘నకరం’ ఒక ఊరి వర్తకుల సమూహం, ‘సమయం’ అంటే ఆ సమూహాన్ని కట్టి ఉంచిన ఒడంబడిక. కాకతీయుల కాలంలో ఇవి తమ సరుకు మీద తామే కొంత విధించుకొని దేవాలయాలకు సమర్పించేవి. గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయ శాసనం, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పాలకులు స్వాధీనం చేసుకొనే పాత ఆచారాన్ని రద్దుచేసి, ముప్పయ్యోవంతు సుంకం మినహా మిగతాదంతా వర్తకుడిదేనని హామీ ఇచ్చింది. పాలకుడు ఇంతకు మించి పుచ్చుకోడన్న భరోసా వర్తకుడికి ఎంత అవసరమో ఆ శాసనమే చెబుతుంది. ఆ భరోసాను అడిగి రాబట్టుకోవడమే నేటికీ చాంబర్ ప్రధాన వ్యాపకం.

ఆధునిక రూపంలో ఈ సంస్థ మహానగరాల నుంచి పట్టణాలకు దిగివచ్చింది. 1836లో ఐరోపా వర్తకులు స్థాపించుకొన్న మద్రాసు చాంబర్‌కు దీటుగా 1909లో పిట్టి త్యాగరాయ చెట్టి తొలి అధ్యక్షుడిగా దక్షిణ భారత చాంబర్, 1917లో హైదరాబాద్ చాంబర్, 1928లో మద్రాసులోనే ఆంధ్రా చాంబర్ ఏర్పడ్డాయి. 1919 నాటి సంస్కరణలు మద్రాసు శాసన మండలిలో రాజధాని చాంబర్లకు ప్రత్యేక స్థానాలు కల్పించాయి గాని, జిల్లాల్లోని చిన్న ఊళ్ల వర్తకుడికి అటువంటి తలుపేదీ తెరుచుకోలేదు. అతనికి దొరికింది పురపాలక సంఘం. పన్ను కట్టేవారికే ప్రధానంగా ఓటు ఉన్న ఆ రోజుల్లో కౌన్సిల్లో కొట్ల యజమానుల మాట చెల్లడానికి వేరే సంఘం అవసరం పెద్దగా ఉండేది కాదు. స్వాతంత్ర్యం తరువాత వయోజన ఓటు హక్కు వచ్చి వర్తకుడూ అతని కొట్లో గుమాస్తా ఓటు దగ్గర సమానులయ్యాకనే, తలల లెక్కలో తగ్గిన పలుకుబడిని సంఘబలంతో నిలబెట్టుకోవలసిన అవసరం అతనికి పూర్తిగా తెలిసివచ్చింది.

ఈలోగా ఒకరి గిరాకీని ఒకరు లాక్కొనే కొట్లవాళ్లను ఒకే చాప మీద కూర్చోబెట్టింది అమ్మకం పన్ను. మద్యనిషేధం 1937లో సేలం జిల్లాలో మొదలై మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు పాకడంతో ఖజానాకు పడిన గండిని పూడ్చడానికి రాజాజీ ప్రభుత్వం 1939లో దేశంలోనే తొలి సాధారణ అమ్మకం పన్ను చట్టాన్ని తెచ్చింది. అంతవరకు చిట్టా, అంటే ఏ రోజు లావాదేవీలు ఆ రోజు రాసుకొనే పుస్తకం, ఆవర్జా, అంటే ఖాతాల వారీగా వాటిని ఎత్తిరాసే పుస్తకం, ఇంటి గుట్టుగా ఉండేవి. ఆ చట్టంతో అవి అధికారి బల్ల మీదికి వెళ్లవలసి వచ్చింది. కిరాణా వర్తకుడు ఒంటరిగా నిలబడి అడగలేని ప్రశ్నను పదిమంది తరఫున కార్యదర్శి అడగగలగడం చాంబర్‌కు సభ్యులను తెచ్చిపెట్టింది.

మార్కెట్ యార్డు విషయంలో చాంబర్ చరిత్ర ఇంత నిష్కళంకం కాదు, చాంబర్లు వేసుకొనే ప్రత్యేక సంచికలు సాధారణంగా ఈ పుటను తిప్పేస్తాయి. కొనేవాడూ దళారీ చేతులు కలిపి, పైన గుడ్డ కప్పి, వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటూ ఉంటే సరుకు తెచ్చిన రైతు ఎదుటే నిలబడి కూడా తన పంట ధర తెలియక ఉండేవాడు. ఆపైన తేమకని, దుమ్ముకని తూకంలో తీసే ‘తరుగు’, అడ్తిదారు కమీషను, కాటా కూలి, చివరకు ‘ధర్మం’ పేరున మరికొంత అతని చీటీలోనే కోతపడేవి. బహిరంగ వేలాన్నీ నియమిత రుసుములనూ తెచ్చిన 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం వర్తకులకు మార్కెట్ కమిటీలో కొద్ది స్థానాలే మిగిల్చాయి; అయినా అందరూ కలిసి ఒక్క రోజు కొనుగోళ్లు ఆపితే యార్డు స్తంభిస్తుందన్న సంగతి కమిటీలో కూర్చున్న రైతు ప్రతినిధులకూ తెలుసు.

ధర్మం పద్దు గురించి మరికొంత చెప్పాలి. బస్తాకు ఇంత అని వసూలు చేసి విడిగా జమకట్టే ఈ సొమ్ము సత్రాలకు, చలివేంద్రాలకు, గోశాలలకు, అనాథ ప్రేత సంస్కారాలకు ఖర్చయింది. ఊరి సామాజిక జీవితంలో వర్తక సంఘానికి దక్కిన గౌరవంలో అధికభాగం దీని నుంచి వచ్చిందే. అది వర్తకుడి ఆదాయమా, కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, హాథరస్‌కు చెందిన బిజిలీ కాటన్ మిల్స్ కేసులో 1978లో న్యాయస్థానం, ధర్మాదాయంగా విడిగా పుచ్చుకొన్నది అమ్మకందారు చేతిలో ధర్మానికి కట్టుబడిన సొమ్మే గాని అతని రాబడి కాదని తేల్చింది. చట్టం దృష్టిలో ఆ డబ్బు వర్తకుడిది కాదన్నమాట. సత్రం గోడ మీది పాలరాతి ఫలకంలో మాత్రం అతని పేరే ఉంటుంది, బస్తా మోసుకొచ్చిన రైతు పేరు ఉండదు.

చాంబర్ రాజకీయ సంస్థ అవునా, కాదా అన్న ప్రశ్నకూ న్యాయస్థానమే జవాబు చెప్పవలసి వచ్చింది. ఆంధ్రా చాంబర్ తన భవనం మీద వచ్చే అద్దెకు ధర్మసంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు కోరినప్పుడు, వాణిజ్యాన్ని ప్రభావితం చేసే శాసనాలను సమర్థించడం లేదా వ్యతిరేకించడం దాని ఆశయాల్లో ఒకటి గనుక అది రాజకీయ ప్రయోజనమేనని పన్నుల శాఖ వాదించింది. వాణిజ్యాభివృద్ధి వర్తకులకే గాక ప్రజలందరికీ ఉపయోగపడే లక్ష్యమనీ, శాసనాల మీద మాట్లాడటం దానికి అనుషంగికం, అంటే అసలు పని వెంట వచ్చే కొసరు పని మాత్రమేననీ సుప్రీంకోర్టు నిర్ణయించింది. 1965 లా రిపోర్టుల్లో అచ్చయిన ఈ తీర్పు చాంబర్‌ను ధర్మసంస్థగా నిలబెట్టింది. కొసరు అసలును మించిపోయే రోజుల సంగతి ఆ కేసులో చర్చకు రాలేదు.

అటువంటి రోజులు తెలుగు పట్టణాలకు చాలానే వచ్చాయి. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు మరణం, 1966లో విశాఖ ఉక్కు, 1972-73లో జై ఆంధ్ర, 2011లో తెలంగాణ సకల జనుల సమ్మె, 2013లో సమైక్యాంధ్ర: ప్రతిసారీ ఉద్యమం ఊళ్లోకి వచ్చిందనడానికి మొదటి గుర్తు మూతపడిన బజారే. షట్టరు దించడం అభిమానం వల్లనా, అద్దాలు పగులుతాయన్న భయం వల్లనా అన్నది ఒక్కో కొట్టుకు ఒక్కో రకంగా ఉన్నా, చాంబర్ పిలుపు ఇస్తే అది ‘స్వచ్ఛంద బంద్’ అయ్యేది. ఆ స్వచ్ఛందంలో ఆనాటి కూలి పోగొట్టుకొన్న హమాలీని అడిగినవారు అరుదు.

2005 ఏప్రిల్‌లో వ్యాట్, 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చాక రిటర్నులు కంప్యూటరులోకి వెళ్లాయి, పన్ను రేట్లు ఢిల్లీలో జీఎస్‌టీ కౌన్సిల్ తేల్చేవయ్యాయి. ఊరి అధికారితో మాట్లాడి సర్దుకొనే వెసులుబాటు తగ్గడంతో చాంబర్ చేతిలోని పాత పని కొంత జారిపోయింది. మిగిలినవి డ్రైనేజీ, పార్కింగు, రోడ్డు వెడల్పు, ట్రేడ్ లైసెన్సు రుసుము. ఇవన్నీ పురపాలక సంఘం గుమ్మంలోనే తేలేవి. అందుకే కాబోలు, సభ్యులు కొన్ని వందలకు మించని చాంబర్ల ఎన్నికలకు సైతం ప్యానెళ్లు కట్టి, గుర్తులు పంచి, ఇంటింటికీ తిరుగుతున్నారు. ఏ ప్యానెల్ వెనుక ఏ నాయకుడున్నాడో బజారులో అందరికీ తెలుసు, కరపత్రంలో మాత్రం ఏ పార్టీ పేరూ ఉండదు.