అట అన్న మాట

1979 జూలైలో స్కైలాబ్ మన మీదే పడుతుందని తెలుగు పల్లెలు బిక్కుబిక్కుమన్నాయి. అప్పటికి మనకు సైన్సు రచయితలు లేకపోలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రాన్ని తెలుగులో అచ్చువేయించింది. కొడవటిగంటి కుటుంబరావు, మహీధర నళినీమోహన్ దాన్ని ఇష్టంగా చదివించారు. అయితే అది తీరిగ్గా చదువుకునే సైన్సు. గుమ్మంలోకి వచ్చిన భయానికి ఆ పూటే జవాబు చెప్పడం వేరే కొలువు.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలయ్యాక ఆ కొలువు మండల విలేకరి నెత్తిన పడింది. పొద్దున్న పంచాయతీ తగువు, మధ్యాహ్నం పలాస జీడిపిక్కల ధర రాసిన చేత్తోనే సాయంత్రం నీటి పరీక్ష ఫలితమూ రాయాలి.

తొలి పెద్ద పరీక్ష థర్మల్ కేంద్రాలతో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట రైతులు 'బీల' అని పిలిచేది నీరూ, మేతా, చేపా ఇచ్చే చిత్తడి నేల. థర్మల్ ప్లాంటుకిచ్చిన ప్రభుత్వ ఫైళ్లలో అది పనికిరాని భూమి. 2010 జూలై 14న అక్కడ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గరి కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. తూటా వార్త ఎవరైనా రాస్తారు. ఆ తూటా ఎందుకు పేలిందో చెప్పాలంటే బీల ఏమిటో తెలియాలి.

అదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు అంతకన్నా కఠినం. కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఇంటికెళ్లినా ప్లాస్టిక్ సంచిలోంచి ల్యాబు చీటీలు తీసి ముందు పెడతారు. అక్షరం రాని అవ్వ నోట కూడా 'క్రియాటినిన్' తడబడకుండా పలుకుతుంది. "షుగరు లేదు, బీపీ లేదు, ఎందుకొచ్చింది బాబూ?" నీటిలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, ఒళ్లునొప్పుల మాత్రలు ఇలా ఒక్కో అనుమానం ఒక్కో ఏడు శీర్షికకెక్కింది. 2019లో అచ్చయిన సర్వేలో పరీక్షించిన పెద్దవాళ్లలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో ఎక్కువమందికి కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ వచ్చాయి. అవ్వ ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

విన్నదానికీ తేలినదానికీ మధ్య తెలుగు ఒక్క అక్షరం పెట్టింది: 'కారణం', 'కారణమట'. శీర్షికలో చోటు చాలక ఆ 'ట' ఎగిరిపోయిన రోజున ఊళ్లో ఒకాయన బోరు మూసేస్తాడు, ఇంకొకాయన వేసుకోవలసిన మాత్ర మానేస్తాడు. ఉద్దానంలో సైన్సు విలేకరి ఉద్యోగమంతా ఆ 'ట'కి కాపలా కాయడమే.