దొర బంగళాలో పద్యాల కచేరీ

1827 అనుకుందాం. కడపలో ఎండ ఇంకా ముదరలేదు. బంగళా సావిట్లో చాపలు పరిచారు. వాటి మీద ఒకే కావ్యానికి సంబంధించిన తాటాకు ప్రతులు పదో పన్నెండో ఉన్నాయి. ఒకదాన్ని పురుగు కొట్టేసింది. ఇంకోదాంట్లో నడిమి ఆకులే లేవు. ఒకాయన పద్యం చదువుతుంటే మిగతావాళ్లు తమ ప్రతుల్లో వేలు పెట్టి చూసుకుంటూ పోతున్నారు.

"ఆగండి స్వామీ, నాదాంట్లో బండి ఱ ఉంది."

"నాదాంట్లో మామూలు రేఫే ఉందే!"

"వ్రాయసకాని పొరపాటై ఉంటుంది. ప్రాస ఏమంటోందో చూడండి."

ఈ మాటలు నా ఊహ. పని జరిగిన తీరు మాత్రం ఊహ కాదు, ఇంటి యజమాని ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన స్వీయచరిత్రలో చెప్పుకున్నదే. దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. ఒక పేజీ రాసి ఒక పేజీ ఖాళీ వదులుతూ కాగితం మీద కొత్త ప్రతి ఎత్తించేవాడు. పద్యాలకు వరస నంబర్లు వేయించి, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో ఆ ఖాళీ పేజీలో ఎక్కించేవాడు. ఆ తర్వాత తెలుగు, సంస్కృతం, ఛందస్సు తెలిసిన పండితులను దగ్గర కూచోబెట్టుకుని, కోర్టులో సాక్షులను విన్నట్టు అన్నీ విని, ఏ పాఠం నిలబడుతుందో తేల్చేవాడు.

తమాషా ఏమంటే, పండితులు ప్రాణం పెట్టే ఆ బండి ఱ మీద దొరకు బొత్తిగా గౌరవం లేదు. అరసున్న మీదా అంతే. రెండూ చాదస్తమనే ఆయన అభిప్రాయం. సావిట్లో ఈ సంగతి మీద ఎంత రభస జరిగి ఉంటుందో!

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1820 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ కొలువు మీద తొలిసారి కడప వచ్చాడు. మచిలీపట్నం, రాజమహేంద్రవరం తిరిగి 1826లో మళ్లీ ఇక్కడికే చేరాడు. తోటతో ఉన్న బంగళా కొని, పండితులకూ లేఖకులకూ సొంత జేబులోంచి జీతాలిచ్చి పెట్టుకున్నాడు. అదే బ్రౌన్ కాలేజీ. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. 1829లో వేమన పద్యాలు ఆయన ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చయ్యాయి.

కొలువు ఆయన్ను ఊళ్లు మారుస్తూనే ఉంది. ఇల్లు మాత్రం కడపలో నడిచింది. నడిపించినవాడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ప్రతులు తెప్పించడం, రాయించడం, రాసేవాళ్ల మంచిచెడ్డలు చూడడం అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. దొర జీతం ఈ ఖర్చుకు చాలక అప్పులయ్యాయి. 1834లో ఆ కొలువూ పోయింది. ఇంగ్లండు వెళ్లినా ఊరుకున్నాడా? అక్కడి కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది రాతప్రతులను మద్రాసుకు పంపే ఏర్పాటు చేశాడు. తిరిగొచ్చాక 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. మనుచరిత్ర, వసుచరిత్రలకు జూలూరి అప్పయ్య చేత టీకలు రాయించి అచ్చు వేయించాడు. 1884లో లండన్‌లో కన్నుమూశాడు.

కడప ఎర్రముక్కపల్లెలో బంగళా కూలిపోయింది. నూరేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. నెల్లూరు నుంచి బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, బ్రౌన్ ఉత్తరాలు తవ్వి తీసి మళ్లీ చర్చ లేపాడు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ మొండిగోడల చోటే గ్రంథాలయం లేవాలని పట్టుబట్టారు. ఎవరు ఎంత ఇస్తే అంత పుచ్చుకుంటూ చందాల కోసం తిరిగారు. 1987లో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడది సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. దాన్ని చూసుకునేది యోగి వేమన విశ్వవిద్యాలయం. వేమనను అచ్చులోకి తెచ్చినవాడి ఇల్లు వేమన పేరున్న సంస్థ చేతికే వచ్చిందన్నమాట.

హైదరాబాద్ టాంక్‌బండ్ మీద బ్రౌన్ విగ్రహం ఉంది. ఉండాల్సిందే. కానీ నన్నడిగితే ఎర్రముక్కపల్లెలో అడుగు పెట్టగానే కనబడాల్సిన పేరు కృష్ణారెడ్డిది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు పాఠకులకు ఇలాంటిదే ఇంకో మాట. మన కడప జిల్లా కైఫీయత్తుల, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల, సంపుటాలు అచ్చయింది ఈ కేంద్రం నుంచే. అవి కంపెనీ సర్వేయరు మెకంజీ పేరు మీద చలామణి అవుతున్నాయి గానీ, ఊరూరా తిరిగి కరణాల నోటి మాటలూ కవిలెలూ ఎక్కించుకున్నది ఆయన కింద పనిచేసిన మనవాళ్లే.