మార్చుకోగల డైలు, రేకు ఆకారం: కంప్యూటర్ లెక్కల చరిత్ర

మీ దగ్గర ఉన్న స్టీలు స్కేలును కొద్దిగా వంచి వదలండి. అది మళ్ళీ తిన్నగా అవుతుంది. సన్నని ఇనుప తీగను గట్టిగా వంచి వదిలితే వంపు నిలుస్తుంది గాని, మీరు వంచినంత నిలవదు. కాస్త వెనక్కి వస్తుంది. కర్మాగారాల్లో దీన్నే స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. ఒత్తిడి తీయగానే లోహంలోని స్థితిస్థాపక వికృతి విడుదల కావడమే దీనికి కారణం. ఉక్కు యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్‌లు, అల్యూమినియంది సుమారు 70. అందువల్ల బలం, మందం సమానమైనా అల్యూమినియం రేకు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వెనక్కి వస్తుంది. విమానాల పైరేకుల్లో అల్యూమినియమే ఎక్కువ కనుక ఆ పరిశ్రమకు ఇది చిన్న చిక్కు కాదు.

లక్షల కార్లు చేసేవారికి ఉక్కు డై చెక్కించుకున్న ఖర్చు తిరిగి వస్తుంది. పది, ఇరవై రేకులు మాత్రమే కావలసినవారికి అది గిట్టదు. డై లేకుండా చిన్న పనిముట్టుతో రేకును కొంచెం కొంచెంగా నొక్కుతూ ఆకారం తెచ్చే పద్ధతికి ఎడ్వర్డ్ లెస్జాక్ 1967లో అమెరికాలో పేటెంటు పొందాడు. 1990లలో జపాన్ పరిశోధకులు దాన్ని కంప్యూటర్ నడిపే యంత్రాలపై చేసి చూపారు. మరో దారి, ఎత్తు మార్చుకోగల పిన్నులను దగ్గర దగ్గరగా పేర్చి వాటినే డైగా వాడటం. 1980లలో ఎం.ఐ.టి.లో డేవిడ్ హార్ట్ బృందం దీనిపై పనిచేసింది.

అదే కాలంలో లెక్కకట్టే సాధనమూ పెరిగింది. రేకును వేల చిన్న ముక్కలుగా భావించి ఒక్కొక్క దాని ప్రతిబలాన్ని గణించే పరిమిత మూలక పద్ధతికి ఆ పేరు పెట్టినవాడు రే క్లఫ్, 1960లో. 1976లో జాన్ హాల్‌క్విస్ట్ లివర్‌మోర్ ప్రయోగశాలలో రాసిన డైనా3డి ప్రోగ్రాం వారసులే తరువాత రేకుల పనికీ వచ్చాయి.

మరి ఆకారం సరిగా చెప్పగలిగారా? 1993లో జపాన్‌లో జరిగిన న్యూమిషీట్ సదస్సులో రేకును యు ఆకారంలో లాగి వంచే ఒకే సమస్యను అనేక బృందాలు లెక్కకట్టాయి. స్ప్రింగ్‌బ్యాక్ విషయంలో జవాబులు ఒకదానికొకటి పొసగలేదు. ఎందుకో ఆలోచించండి. రేకు డైలో ఉన్నంతసేపు దాని ఆకారాన్ని చాలావరకు డైయే నిర్ణయిస్తుంది, కాబట్టి లెక్కలోని తప్పు బయటపడదు. డై తీసిన క్షణం నుంచి ఆకారం రేకు మందంలోని ప్రతిబలాల మీదే ఆధారపడుతుంది. పైగా డై అంచు మీదుగా జారేటప్పుడు రేకు ఒకసారి వంగి మళ్ళీ తిన్ననవుతుంది. ఒక దిక్కుకు సాగిన లోహం ఎదురు దిక్కుకు తక్కువ బలానికే లొంగుతుందని బాషింగర్ 1880లలోనే చూపాడు. చాలా నమూనాలు ఆ పాత సంగతిని లెక్కలోకి తీసుకోలేదు. 2000ల ఆరంభంలో యోషిదా, ఉయెమోరి ప్రతిపాదించిన నమూనా ఈ లోటును చాలావరకు తీర్చింది.

మార్చుకోగల డైలతో ఇంకో వెసులుబాటు ఉంది. హార్ట్ బృందం లెక్కకే కట్టుబడలేదు. మొదటి రేకును నొక్కి, కొలిచి, ఎంత తేడా వచ్చిందో చూసి పిన్నుల ఎత్తు సవరించి మళ్ళీ నొక్కింది. చెక్కిన ఉక్కు డైతో ఇంత సులువుగా ఈ పని కాదు. నా దృష్టిలో ఇది అనుకరణకు ప్రత్యామ్నాయం కాదు. మొదటి ఊహ దగ్గరగా ఉంటేనే సవరణలు తగ్గుతాయి. పిన్నుల గుంటలు రేకుపై పడకుండా మధ్యలో పరిచే మెత్తని పొర కూడా నొక్కుకుపోతుంది. దాని మందంలోని మార్పునూ ఆ మొదటి లెక్కలో చేర్చాలి.