మెట్ట భూముల్లో కార్బన్ చెట్లు: రైతుకు మిగిలేదెంత?

వర్షాధార భూమిలో పంటకు బదులు చెట్లు పెంచి, అవి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను క్రెడిట్లుగా అమ్ముకోవచ్చన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్‌లతో పాటు ఉత్తరాంధ్ర జిల్లాల చిన్న రైతులు పేపరు మిల్లు కోసం వేసిన తోటలు 2011లోనే ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం (సీడీఎం) కింద నమోదయ్యాయి. ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్ వాటికి అండగా నిలిచింది. అయితే సీడీఎంలో చెట్లకిచ్చే క్రెడిట్లు తాత్కాలికమైనవి. నరికినా, కాలినా కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది కదా. పెద్ద కొనుగోలుదారైన ఐరోపా కార్బన్ మార్కెట్ వాటిని అసలు అంగీకరించనే లేదు.

ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ఎండిన కలపలో దాదాపు సగం బరువు కార్బన్‌దే. ఒక టన్ను కార్బన్ 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఎకరాకు ఏడాదికి ఒక టన్ను కలప పెరిగిందనుకుంటే వచ్చేవి సుమారు 1.8 క్రెడిట్లు. క్రెడిట్‌కు 800 రూపాయలు పలికినా 1,440 రూపాయలే. అందులోంచి కొలతలు, తనిఖీ, మధ్యవర్తి ఖర్చులు పోవాలి. 2025-26లో క్వింటాలు వేరుశనగకు మద్దతు ధర 7,263 రూపాయలు. అంటే ఒక్క క్వింటాలు కాయల ధర ఐదేళ్ల కార్బన్ రాబడికి సమానం. పైగా వేరుశనగ కట్టె పశువులకు మేత.

పంట వైపు లెక్కా అంత తేలిక కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురంలో విత్తనం, దుక్కి ఖర్చు తిరిగి రాని ఏడాదులు ఎన్నో. చెట్టు కుదురుకున్నాక ఒక్క ఏడాది కరువుకు చావదు. అందుకే అక్కడ ఉపాధి హామీ కింద మామిడి లాంటి తోటలు విస్తరించాయి. కానీ వాటిని నిలబెట్టింది పండు ధర, కార్బన్ ధర కాదు.

అసలు చిక్కు గడువులో ఉంది. సీడీఎంలో చెట్ల ప్రాజెక్టుకు 30 ఏళ్లు, లేదా పొడిగించుకునే వీలున్న 20 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం 11 నెలలే. చెట్ల ఒప్పందం మీద సంతకం చేసేది భూ యజమాని. సాగు చేస్తున్న కౌలుదారు, కలుపుకూ కాయ ఒలుపుకూ వచ్చే కూలీలు ఆ కాగితంలో ఎక్కడా కనిపించరు. మేకలు మేపుకునేవారికి బీడు కూడా పోతుంది.

పంట మానకుండా చెట్లు పెంచే దారీ ఉంది. పది మీటర్ల ఎడంతో మామిడి వేస్తే ఎకరాకు 40 మొక్కలు పడతాయి. మొదటి ఏళ్లలో సాళ్ల మధ్య కంది, ఉలవ వేసుకోవచ్చు. గట్ల మీద గ్లిరిసిడియా వేస్తే పచ్చిరొట్ట దొరుకుతుంది. 2014 జాతీయ వ్యవసాయ అటవీ విధానం ప్రోత్సహించిందీ ఇలాంటి సాగునే. దట్టమైన నీలగిరి తోటతో పోలిస్తే క్రెడిట్లు తక్కువే. పది ఎకరాల్లో కొలవాల్సింది వంద ఎకరాల్లో చెదిరి ఉంటుంది కాబట్టి కంపెనీలకు ఈ పద్ధతి మీద ఆసక్తీ తక్కువే.